నవంబరు అదను

(గోధుమ శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి. రావు స్మృతిలో సూరత్ జిల్లా కిమ్‌లో తెలుగువారి సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా మాట సరిచేశాను. మాట్లాడిన తీరు మార్చలేదు.)



సభ మొదలుకాకముందే ఇద్దరు లేచి ఫ్యాన్లు వేశారు. ఇంకా ఫిబ్రవరి మొదటివారమే. నేను స్టేషన్ నుంచి నడిచివస్తూ కాలువ అవతల ఒక గోధుమ మడి చూశాను. వెన్ను తీసి, గింజలో పాలు గట్టిపడే దశలో ఉంది. మనం ఓర్వలేక ఫ్యాను వేసుకున్న ఈ వేడిలోనే అది గింజ నింపుకోవాలి. దానికి స్విచ్చి లేదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ మడి గురించి. ఈ బల్ల మీద రెండు కాగితం కవర్లు పెట్టాను, వాటి సంగతి చివర చెబుతాను. అప్పటిదాకా ఎవరూ విప్పొద్దు.

ముందుగా ఎవరి పేర కూడామో ఆయన గురించి. వ్యవసాయం వాళ్లందరికీ ఆయన ఎం.వి. రావు. పూర్తి పేరు మంగిన వెంకటేశ్వరరావు. 1928లో పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టారు, 2016లో పోయారు. అన్నం తప్ప మిగిలిందేదీ భోజనం కిందికి రాని సీమ అది. అక్కడ చాలాకాలం గోధుమరొట్టె అంటే షుగరు వచ్చినవాళ్లకీ, శనివారం ఒంటిపూట ఉండేవాళ్లకీ పెట్టే తిండి. అలాంటి చోట పుట్టిన మనిషి ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరి, గోధుమ జన్యుశాస్త్రంలో పనిచేసి, దేశమంతటి గోధుమ పరిశోధనను ఒక తాటిమీద నడిపే ప్రాజెక్టుకు సారథి అయ్యారు. పంజాబీలూ, హర్యానా వాళ్లూ, మాళ్వా వాళ్లూ తమ రొట్టె సంగతి ఒక డెల్టా మనిషిని అడగాల్సి వచ్చింది. తర్వాత 1986లో మొదలైన నూనెగింజల మిషన్ బాధ్యత చూశారు, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు, పద్మశ్రీ అందుకున్నారు. మన వాళ్లలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియదు. తప్పు వాళ్లది కాదులెండి. వరి వంగడం కనిపెట్టినవాణ్ని మనం గుర్తుపెట్టుకుంటాం, గోధుమ మనకు ఎప్పుడూ పక్కింటి సంగతే.

నేను ఆయన దగ్గర పనిచేసినవాణ్ని కాను. మా నాయిన సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో సాంచె, అంటే మరమగ్గం, నడిపాడు. నేను మున్సిపాలిటీ తెలుగు మీడియం బడిలో చదివి, ఎలాగో వ్యవసాయం చదువు వైపు మళ్లి, దక్షిణ గుజరాత్ పొలాల్లోనే ఉద్యోగం ముగించాను. జొన్నరొట్టె, మక్కగట్క తిని పెరిగిన మా ఇంట్లో రెండో తరానికే గోధుమ రోట్లీ తప్ప దిగని నోళ్లు తయారయ్యాయి. కనుక గోధుమ ఇప్పుడు నాకు పక్కింటి సంగతి కాదు. మీకూ కాదనుకుంటాను.

ఆ ప్రాజెక్టు సంగతి కొంచెం చెప్పాలి. 1965లో అఖిల భారత స్థాయిలో మొదలైంది. దాని బలం ప్రయోగశాలలో లేదు. ఒకే విత్తనాన్ని ఒకే ఏడాది దేశమంతటా పదుల చోట్ల విత్తి, ఎక్కడ ఎంత పండిందో ఒక పుస్తకంలో పక్కపక్కన వేసి చూడటంలో ఉంది. గోధుమ పండే నేలను ఐదు మండలాలుగా విడగొట్టారు: ఉత్తరాది కొండలు, వాయవ్య మైదానం, ఈశాన్య మైదానం, మధ్య మండలం, ద్వీపకల్పం. మనం కూర్చున్న గుజరాత్ మధ్య మండలంలోకి వస్తుంది, మన తెలుగు జిల్లాలు ద్వీపకల్పంలోకి. ప్రతి మండలంలోనూ విత్తే వేళను బట్టి పరీక్షలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సకాలంలో విత్తినది, రెండోది ఆలస్యంగా విత్తినది. ఆ ఫలితాల పుస్తకాలు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి తిరగేసినప్పుడు రకాల పేర్లే చూశాను, అందరిలాగే. ఏది ఎక్కువ పండింది, ఏది గెలిచింది అని. చాలా ఏళ్ల తర్వాత గానీ కన్ను అసలు చోట పడలేదు. ఒకే రకం, ఒకే చోట, ఒకే ఎరువు; విత్తిన తేదీ ఒక్కటే మారింది. దిగుబడి కాస్తా జారిపోయింది. రకానికీ రకానికీ మధ్య ఉన్న తేడాకన్నా తేదీకీ తేదీకీ మధ్య ఉన్న తేడాయే ఎన్నో చోట్ల పెద్దది.

మన పెద్దవాళ్లకు దీనికో మాట ఉంది. అదను. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు. పదును నేలలో ఉంటుంది, వేలు పెట్టి చూడొచ్చు. అదను గాలిలో ఉంటుంది, చూడటానికి వీల్లేదు. ఇప్పుడు పక్కకు జరిగిపోతున్నది ఆ అదనే.

గోధుమ రోజులు ఎలా లెక్కపెడుతుందో చెబుతాను. దానికి క్యాలెండరు లేదు. అది లెక్కపెట్టేది వేడిని. సుమారు ఐదు డిగ్రీల కింద దాని ఎదుగుదల ఆగిపోతుందనుకోండి. రోజు సగటు పదిహేనైతే ఆ రోజు దాని ఖాతాలో పది పడతాయి. సగటు ఇరవై అయితే పదిహేను పడతాయి. ఒక దశ దాటడానికి మూడువందలు కావాలనుకుంటే మొదటిచోట ముప్ఫై రోజులు పడుతుంది, రెండోచోట ఇరవై రోజుల్లో అయిపోతుంది. చెరువు నిండితే చాలనుకునే అలుగులాంటిది దాని లెక్క, ఎన్నాళ్లకు నిండిందో దానికి అక్కర్లేదు. మనకు అక్కర ఉంది. ఎందుకంటే ఆకు ఎండను పట్టి తిండి వండేది రోజుల లెక్కనే. పదిరోజులు తగ్గితే పదిరోజుల ఎండ తగ్గినట్టే, ఆ పదిరోజుల వంట పోయినట్టే.

లుధియానాలో జనవరి పగలు పద్దెనిమిది డిగ్రీల చుట్టూ ఉంటుంది, రాత్రి ఆరూ ఏడుకు దిగుతుంది. సూరత్‌లో జనవరి పగలు ముప్ఫై చుట్టూ, రాత్రి పదిహేను చుట్టూ. పంజాబ్‌లో గోధుమ నేలమీద దాదాపు ఐదు నెలలు ఉంటుంది. ఇక్కడ నూటపది రోజులు దాటితే గొప్ప. అక్కడ హెక్టారుకు నాలుగున్నర, ఐదు టన్నులు వస్తున్నాయంటే, ఇక్కడ రాష్ట్ర సగటు మూడు టన్నుల చుట్టూ తిరుగుతోందంటే, రైతు చేతకానితనం అనుకోకండి. చలి ఉండే రోజులు తక్కువ, అంతే.

దశలవారీగా చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. విత్తిన ఇరవై, ఇరవైయొక్క రోజులకు నేల పైపొర కింద రెండో వేళ్లగుత్తి పుడుతుంది. మొదటి తడి ఆ రోజు తప్పకుండా ఇవ్వమని ఇక్కడి రైతుకు చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. పిలకలు వేసేదీ అప్పుడే. నవంబరు చివర చల్లగా ఉంటే మొక్క తాపీగా నాలుగైదు పిలకలు వేస్తుంది. వేడిగా ఉంటే తొందరపడి కాండం సాగదీసి పైకి లేస్తుంది, పిలకలు రెండో మూడో. అక్కడే సగం పంట తేలిపోయింది, పైకి మాత్రం మడి పచ్చగానే కనిపిస్తుంది. తర్వాత పొట్టదశ. వెన్ను ఇంకా ఆకు తొడుగులోనే ఉండి, పుప్పొడి తయారయ్యే ఆ కొద్దిరోజులు ముప్ఫై డిగ్రీలు దాటి వేడెక్కితే పుప్పొడి చచ్చుబడుతుంది. వెన్ను బయటికి వచ్చాక చూస్తే మధ్యమధ్య ఖాళీ గూళ్లు. రైతు పురుగు అనుకుంటాడు.

చివరిది గింజ నిండే దశ. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. గింజ బరువులో మూడింట రెండొంతుల దాకా పిండిపదార్థమే. ఆ పిండిని కట్టే ఎంజైములు ఇరవైయైదు, ముప్ఫై డిగ్రీల పైన మొరాయిస్తాయి. మాంసకృత్తులు కట్టే పని అంతగా దెబ్బతినదు. అందుకే వేడికి నొక్కుకుపోయిన గింజలో మాంసకృత్తుల శాతం కాస్త ఎక్కువ కనిపిస్తుంది కూడా. పిండి రాకపోవడం వల్ల వచ్చిన గొప్పతనం అది. అదే సమయంలో ఆకు తొందరగా పండిపోతుంది. 2012లో లోబెల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిదేళ్ల ఉపగ్రహ చిత్రాలతో ఉత్తర భారతం గోధుమ పొలాలను పరిశీలించింది. ముప్ఫైనాలుగు డిగ్రీలు దాటిన రోజులు తగిలిన పొలాలు ముందే పచ్చదనం కోల్పోయాయని తేల్చింది. పంటల కంప్యూటరు నమూనాలు ఆ నష్టాన్ని తక్కువగా అంచనా వేస్తున్నాయని కూడా చెప్పింది. మూడేళ్లకు అసెంగ్ అనే మరో శాస్త్రవేత్త బృందం ముప్ఫై నమూనాలను వేడి పొలాల ప్రయోగాలతో సరిచూసి, ప్రపంచ సగటు ఒక డిగ్రీ పెరిగితే గోధుమ ఉత్పత్తి సుమారు ఆరు శాతం పడిపోతుందని లెక్క చెప్పింది. ఆ ఆరు శాతం ప్రపంచం మొత్తానికి సగటు. ఇప్పటికే వేడి అంచున నిలబడిన మనలాంటి చోట సగటు మాటకు అర్థం తక్కువ.

ఇక రకాల దగ్గరికి వస్తాను. 1960ల దాకా మన గోధుమ పొడుగ్గా ఉండేది, ఎరువు వేస్తే బరువుకు పడిపోయేది. జపాన్ వారి నోరిన్ 10 అనే పొట్టి గోధుమ నుంచి వచ్చిన మరుగుజ్జు జన్యువులు అమెరికా మీదుగా మెక్సికో చేరి, గోధుమ శాస్త్రవేత్త బోర్లాగ్ చేతిలో పడి, సొనోరా 64, లెర్మా రోహో పేర్లతో మన దేశం వచ్చాయి. 1966లో పద్దెనిమిది వేల టన్నుల విత్తనం ఓడల్లో దిగుమతి చేసుకున్నాం. మన శాస్త్రవేత్త స్వామినాథన్, ఆయనతో పనిచేసిన వాళ్లు ఆ ఎర్రగింజను మన నోటికి నచ్చే పసుపుగింజగా మార్చారు. కల్యాణ్ సోనా, సోనాలికా వచ్చాయి. 1968లో గోధుమ విప్లవం అని తపాలాబిళ్ల కూడా వేశారు. ఈ కథ మీరు చాలాసార్లు విన్నారు, కనుక త్వరగా దాటేస్తున్నాను. ఇందులో తక్కువమంది చెప్పే ముక్క ఒకటుంది. ఆ మరుగుజ్జు జన్యువు మొక్కను పొట్టిది చేయడంతో ఆగలేదు, మొలకతొడుగును కూడా పొట్టిది చేసింది. విత్తనం నుంచి నేల పైకి మొలకను మోసుకొచ్చే గొట్టం అది. లోతుగా విత్తితే పైకి రాలేదు. నేల వేడిగా ఉంటే అది ఇంకా కురచవుతుంది. నీళ్లుండి, పైపైన విత్తే పంజాబ్‌కు అది లోపమే కాదు. పదును కిందికి దిగిపోయి, వేడి నేలలో లోతుగా విత్తాల్సిన చోట అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇప్పుడు వేరే పొట్టి జన్యువుల కోసం వెతుకుతున్నది అందుకే.

సోనాలికా సంతతిలోనే ఈ రాష్ట్రం గర్వంగా చెప్పుకునే పేరుంది. భావ్‌నగర్ జిల్లా సణోసరాలో నానాభాయి భట్ 1953లో పెట్టిన లోక్‌భారతి అనే గ్రామీణ విద్యాసంస్థ ఉంది. గాంధీగారి నయీ తాలీమ్ పద్ధతిలో నడిచేది. ప్రభుత్వ పరిశోధన కేంద్రం కాదు, పెద్ద ల్యాబు లేదు. అక్కడ ఝవేర్‌భాయి పటేల్ సోనాలికానూ మరో పొట్టి మెక్సికో సంతతి రకాన్నీ కలిపి చేసిన ఎంపికే లోక్ 1. 1980ల మొదట్లో బయటికి వచ్చింది. గుజరాత్, మధ్యప్రదేశ్ రైతులు దాన్ని వదల్లేదు. గింజ లావు, మెరుపు, రోట్లీకి బాగుంటుంది. అంతకన్నా పెద్ద గుణం, త్వరగా కోతకు వస్తుంది. సకాలంలో విత్తినా సరే, ఆలస్యంగా విత్తినా సరే, మార్చి వేడి ముదిరేలోపు ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. తుప్పు తెగులుకు లొంగుతుంది, అదొక్కటే దాని బలహీనత. ఈ రాష్ట్రంలోనే ఉన్న విజాపూర్ గోధుమ కేంద్రం నుంచి వచ్చిన జీడబ్ల్యూ 496, తర్వాత జీడబ్ల్యూ 322, ఆలస్యపు విత్తుకు జీడబ్ల్యూ 173 లాంటివీ ఈ దారిలోనివే.

తుప్పు మాట వచ్చింది కనుక ఒక పక్కమాట. గోధుమ నల్లతుప్పు ఎండాకాలం మైదానంలో బతకదు. నీలగిరులూ పళని కొండల మీద ఏడాదంతా ఏదో ఒక గోధుమ పచ్చగా ఉండే చోట దాక్కుని, చలికాలం గాలివాటున ఉత్తరానికి ప్రయాణిస్తుంది. ఆగ్రా కాలేజీలో పనిచేసిన కె.సి. మెహతా తన జీవితం పెట్టి ఆ దారి పట్టుకున్నాడు. అంటే పంజాబ్ రొట్టె క్షేమం కొంత మన దక్షిణాది కొండల మీద ఆధారపడి ఉంది. వేడి పెరిగితే చలిని కోరే పసుపుతుప్పు వెనక్కి తగ్గి, వేడిని ఓర్చే నల్లతుప్పుకు దారి సులువవుతుంది. దీని మీద ఇంకో సభ పెట్టుకోవాలి, ఇవాళ వదిలేస్తున్నాను.

లోక్ 1 లాంటి పొట్టికాలపు రకం గురించి నేను చెప్పదలిచింది ఒకే ఒక్క మాట. ఇది వేడిని తట్టుకునే రకం కాదు. వేడి వచ్చేలోపు పారిపోయే రకం. రెండింటికీ తేడా ఉంది. పారిపోయేవాడు ప్రాణం దక్కించుకుంటాడు, సామాను వదిలేసి పోతాడు. నూట ఐదు రోజుల్లో కోతకు వచ్చే రకం, మార్చి చల్లగా ఉన్న ఏడాది కూడా నూట ఐదు రోజులకే వచ్చేస్తుంది. ఆ ఏడాది ఇంకో పదిరోజులు ఉండి నింపుకోగలిగిన గింజను అది నింపుకోదు. అంటే రైతు ప్రతి ఏడూ కొంత గింజను ప్రీమియం కట్టినట్టు కడుతున్నాడు, ఏదో ఒక ఏడాది వచ్చే వడగాలికి. ఆ కట్టే మొత్తం ఏ బీమా కాగితం మీదా ఉండదు. వరి సంగతి తెలిసిన మనవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆరునెలల వడ్లను వదిలి మూడునెలల వడ్లకు వచ్చినప్పుడు మనం వదులుకున్నదేమిటో మన ముసలివాళ్లకు తెలుసు.

తట్టుకునే రకం చేయడం చాలా కష్టం. ఒక జన్యువుతో అయ్యే పని కాదు. వేడిలోనూ ఆకు పచ్చగా నిలవాలి. కాండంలో ముందే చక్కెరలు దాచుకుని, ఆకు పడిపోయాక వాటిని గింజకు పంపగలగాలి. వేరు లోతుకు పోయి నీరు తోడాలి, ఆ నీటిని ఆకుల ద్వారా వదిలి పైరు తనను తాను చల్లబరచుకోవాలి. పరారుణ థర్మామీటరు పైరు మీదికి పెడితే తెలుస్తుంది: నీరున్న పైరు చుట్టూ గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ కేంద్రం ఏళ్లుగా ఈ చల్లదనాన్నే కొలిచి వంశాలు ఎంచుతోంది. మన పూసా సంస్థ ఇంకో దారి కూడా పట్టింది, అక్టోబరులోనే విత్తినా తొందరపడకుండా ఉండే రకాల దారి. విత్తును ముందుకు జరిపి, గింజ నిండే కాలాన్ని మార్చి నెలకు ముందుకు లాగడం. ఇదీ పారిపోవడమే. కాకపోతే సామాను సర్దుకుని పారిపోవడం.

పూర్తిగా వేరే దారిలో నడిచే గోధుమ ఈ రాష్ట్రంలోనే ఉంది. కిమ్ నుంచి ఉత్తరానికి రైలెక్కి, అంక్లేశ్వర్, భరూచ్ దాటి, ఖంభాత్ అఖాతం తలాపున ఉన్న భాల్ ప్రాంతానికి పోండి. వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు నల్లనేల. నీళ్లు తీశాక, ఆ పదును మీదనే లోతుగా గోధుమ విత్తుతారు. ఆ తర్వాత ఒక్క తడి కూడా ఇవ్వరు. భాలియా గోధుమ అంటారు, దావూద్‌ఖానీ అనీ అంటారు. గట్టి గోధుమ జాతి, గింజ రంగు తేనె రంగు. 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అర్ణేజ్‌లో దానిమీద పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. దిగుబడి చాలా తక్కువ, తడి గోధుమలో మూడోవంతు అయితే గొప్ప. అయినా రైతులు వదల్లేదు, ధర ఎక్కువ పలుకుతుంది కనుక. మన కిరాణా కొట్లలో ఉప్మాకు అడిగే బన్సీ రవ్వ గుర్తుందా? బన్సీ కూడా దక్కను నల్లనేలల్లో వానపదునుకు పండిన గట్టి గోధుమ పేరే. ఆదిలాబాద్ వైపు, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఇప్పటికీ కొద్ది కొద్దిగా గోధుమ విత్తుతారు. అక్కడి ముసలివాళ్లను అడిగితే చలి ఎప్పుడు మొదలయ్యేదో పండుగల పేర్లతో చెబుతారు. నేను ఈ గోధుమలను పాతకాలపు మురిపెంగా చూడమనడం లేదు. దేశం కడుపు వీటితో నిండదు. పొడుగు మొలకతొడుగు, లోతు వేరు, నీటి పొదుపు ఇంకా బతికున్న చోట్లు ఇవి. ఎంపిక చేసేవాడికి ఈ గింజలు కావాలి.

2022 సంగతి చెప్పకుండా ఈ ఉపన్యాసం అవదు. ఆ ఏడాది మార్చి, 1901 నుంచి లెక్కలున్న నూటఇరవైరెండేళ్లలో దేశానికి అన్నిటికన్నా వేడి మార్చి. గింజ నిండే వేళ. ఫిబ్రవరిలో ప్రభుత్వం పదకొండు కోట్ల పదమూడు లక్షల టన్నుల గోధుమ వస్తుందని అంచనా వేసింది. చివరికి తేలింది పది కోట్ల డెబ్భైఏడు లక్షలు. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధం వల్ల ప్రపంచంలో ధర ఎగిసింది, ప్రైవేటు వాళ్లు కొన్నారు, ప్రభుత్వ సేకరణ అంతకుముందు ఏడాది నాలుగు కోట్ల ముప్ఫైమూడు లక్షల టన్నుల నుంచి ఒక కోటి ఎనభైఎనిమిది లక్షలకు పడిపోయింది. మే 13న ఎగుమతులు ఆపేశారు. మన గుజరాత్ కాండ్లా రేవు దగ్గర గోధుమ లారీలు వేలకొద్దీ నిలిచిపోయాయి. పంజాబ్, హర్యానాల్లో నొక్కుగింజలు ఆరు శాతం దాటితే కొనకూడదన్న నియమాన్ని పద్దెనిమిది శాతానికి సడలించారు. ఆ పద్దెనిమిది అంకెను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. లుధియానా గింజ, ఆ ఒక్క ఏడాదికి, మన ఆలస్యపు విత్తు గింజలా తయారైంది. ఇక్కడ ఏటా చూసేదే ఆ ఏడాది అక్కడా చూశారు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మరుసటి ఏడాది ఫిబ్రవరి కూడా, పగటి వేడి లెక్కన, 1901 నుంచి అప్పటిదాకా అన్నిటికన్నా వేడి ఫిబ్రవరి. అందరం గుండె పట్టుకున్నాం. కేంద్రం కమిటీ వేసింది, సాయంత్రం వేళ తేలికపాటి తడి ఇవ్వండి, పొటాషు పిచికారీ చేయండి అని సలహాలు వచ్చాయి. మార్చిలో వానలు పడి చల్లబడింది. కొన్నిచోట్ల పైరు పడిపోయింది కూడా. మొత్తం లెక్క చూస్తే ఆ ఏడాది ఉత్పత్తి పదకొండు కోట్ల టన్నులు దాటింది, ఆ తర్వాతా పెరిగింది. వాతావరణం మారితే పంట రేపే కూలిపోతుందని భయపెట్టేవాళ్లకు ఈ అంకెలు అడ్డం. రకాలూ, విత్తే యంత్రాలూ, నీరూ, ఎరువూ కలిసి ఇంకా మోస్తున్నాయి. జరుగుతున్నదేమంటే ప్రతి చలికాలం ఒక్కో జూదంలా మారుతోంది. ఏ ఏడాది ఏ చీటీ వస్తుందో విత్తేనాడు తెలియదు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడం గోధుమకు మేలు కదా అని చదువుకున్న కుర్రాళ్లు అడుగుతారు. కొంత మేలే. గోధుమ ఆ గాలిని వాడుకుని ఆకు పెంచుతుంది, నీరు కూడా కొంత ఆదా అవుతుంది. 2014లో మయర్స్ అనే శాస్త్రవేత్త బృందం బయట పొలాల్లోనే ఆ గాలి పెంచి పండించిన గోధుమను పరీక్షించింది. జింకు తొమ్మిది శాతం పైన, ఇనుము ఐదు శాతం, మాంసకృత్తులు ఆరు శాతం తగ్గాయి. రోట్లీ అదే సైజు, అదే రుచి. పొద్దున్నుంచి సాంచె మీద నిలబడే ఆడబిడ్డకు ఇనుము ఎక్కడ తగ్గిందో రోట్లీ చెప్పదు.

ఇక కిమ్. ఇక్కడ గోధుమ రాజపంట కాదు. తాపీ నది మీద కాకరాపార్, ఉకాయి ఆనకట్టలు కట్టి కాలువలు వచ్చాక ఈ నేల చెరకుదీ వరిదీ అయింది. ఓల్పాడ్ తీరం వైపు పోతే ఉప్పు నేల. దానికోసం కర్నాల్ లవణ నేలల సంస్థ భరూచ్‌లో ప్రాంతీయ కేంద్రం నడుపుతోంది, ఉప్పును ఓర్చే కేఆర్ఎల్ 210 లాంటి గోధుమలు ఆ కర్నాల్ సంస్థవే. మిగిలిన మళ్లలో వరి కోసిన వెనక గోధుమ. నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం నవంబరు రెండో సగం అదను అంటుంది. రైతు చేతిలో ఆ పదిహేను రోజులు ఎప్పుడుంటాయి? వాన అక్టోబరు చివరిదాకా సాగితే వరి కోత వెనక్కి జరుగుతుంది. కోత మిషను క్యూలో ఉంటుంది. నల్లరేగడి ఆరి ట్రాక్టరు దిగేసరికి డిసెంబరు. ఇక్కడ ఆలస్యమైన ప్రతి రోజుకూ హెక్టారుకు ముప్ఫై కిలోల లెక్కన పోతుందని మా పొలంబడిలో చెప్పేవాళ్లం. పదిహేను రోజులంటే నాలుగున్నర క్వింటాళ్లు. ఆ నష్టం రకం మార్చి పూడ్చమని రైతును అడగడం సులువు. నా అనుభవంలో వరి రకం మార్చడమే మంచి దారి. పది రోజులు ముందు కోతకు వచ్చే వరి వేస్తే గోధుమకు అదను దొరుకుతుంది. దున్నకుండా వరి మోళ్ల మధ్యనే విత్తే యంత్రం ఉంటే ఇంకో వారం కలిసొస్తుంది. గోధుమ దిగుబడి నిర్ణయమయ్యేది జూన్‌లో, వరి విత్తనం కొనే కొట్టు దగ్గర. ఈ మాట నేను ఎన్ని సమావేశాల్లో చెప్పినా గోధుమ విభాగం వాళ్లు గోధుమ గురించీ, వరి విభాగం వాళ్లు వరి గురించీ రాసుకుని వెళ్లిపోయారు.

రైతులకు ఇంకొకటి చెబుతూ వచ్చాను. ఉన్న మడంతా ఒకే రకం వేయకండి, సగం త్వరగా వచ్చేది, సగం నిదానంగా వచ్చేది వేయండి. ప్రీమియం సగమే కట్టినట్టవుతుంది. కొందరు విన్నారు. కోత మిషను రెండుసార్లు పిలవాలి కనుక ఎక్కువమంది వినలేదు, వాళ్ల లెక్కా తప్పేమీ కాదు.

ఇక్కడివాళ్లు చలికాలం వచ్చిందో లేదో పోంక్‌తో తెలుసుకుంటారు. జొన్న లేతగింజ కాల్చి, సేవ్ చల్లి, నిమ్మ పిండి తింటారు. మన ఊచబియ్యం. మా నాయిన సూరత్‌లో మొదటిసారి పోంక్ బండి చూసి ఆగిపోయి, ఊరు గుర్తొచ్చి, రోడ్డు మీదే నిలబడి తిన్నాడట. ఆ రుచి లేత గింజలో పాలు ఉన్న నాలుగు రోజులే. చలి నిలిస్తే నాలుగు రోజులు ఆరు అవుతాయి. వేడి తగిలితే రెండే. బండివాడిని అడగండి, డిగ్రీలు తెలియకపోయినా చెబుతాడు.

ఇప్పుడు కవర్లు. రెండింటిలోనూ నిరుటి గోధుమ వెన్నులున్నాయి, ఒక్కోదాంట్లో పది. ఒకే రైతు, ఒకే మడి, ఒకే రకం, లోక్ 1. ఒకటి నవంబరు మూడోవారంలో విత్తింది, రెండోది డిసెంబరు చివర. కవరు మీద తేదీ రాయలేదు. టీ వస్తోంది. తాగుతూ ఒక్కో వెన్ను అరచేతిలో నలిపి, ఊకను ఊదేసి, గింజలు లెక్కపెట్టండి. పంటి కింద ఒకటి పెట్టి కొరికి చూడండి. ఏ కవరు ఏ తేదీదో మీరు చెప్పాకే నేను చెబుతాను.